ముందు బ్యాటరీ తియ్యాలి

ముందు బ్యాటరీ తియ్యాలి.
తిట్టుకోవడం, గాలిని అనడం,
తలపట్టుక్కూచోవడం
అన్నీ తర్వాత.
ముక్కు మట్టిలో దిగబడినా
మోటారు ఇంకా తిరగాలనే చూస్తుంటుంది.
పడ్డామని దానికింకా తెలీదు పాపం.

గుణుపురం బస్టాండు వెనక
మోటార్లకి వైండింగు కట్టే కొట్టు నాది.
కాలిపోయిన పంపులు, మిక్సీలు,
రాగితీగ చుట్టల మధ్య
ఫ్రిజ్జు డబ్బాల్లో వచ్చిన తెర్మాకోలుతో
రాత్రిళ్లు రెక్కలు కోస్తాను.
"డబ్బులెట్టి కొనుక్కుని మరీ
పడేసుకునేవోడివి నువ్వొక్కడివే"
అంటుంది మా నీలవేణి,
బ్రౌను టేపు చుట్ట నా వైపు దొర్లిస్తూ.

ఆదివారం గాలి లేవకముందే
వంశధార ఇసకలోకి దిగుతాను.
ఏరు ఓ పక్కకి ఒదిగి పడుకుని
మిగతాదంతా నాకొదిలేస్తుంది.

మొదటిది ఎగరనే లేదు.
కాళ్ల దగ్గరే బోర్లా పడింది, అలిగిన పిల్లలా.
రెండోది నిండా ఎగిరి
నా మీదకే తిరిగొచ్చింది.
ఎదురొచ్చేటప్పుడు దాని కుడి నా ఎడమ.
నాకు తెలుసు,
వేళ్లకి చెప్పడం మరిచాను.
గేదెల్ని కడుగుతున్న పిల్లలు
"పొడిగొలా! పొడిగొలా!" అని ఒకటే గంతులు.
పడిపోయిందన్నా, పొడిగొలా అన్నా
రెండు భాషల్లోనూ
ముందు నేలకి తగిలేది 'ప'యే.

మూడు, నాలుగు గుర్తులేవు.
లేవంటే, పెట్టుకోలేదు.

ఐదోది కొండవైపు పోయింది.
పిట్టంతై, ఈగంతై,
రెక్కెటో తోకెటో తెలీని నలుసై
సవర గూడ పక్క చోడిచేలో దిగింది.
గంటసేపు నడిచి వెళ్తే
జసింత రైతా అనే ముసలామె
కొడవలి పట్టుకుని కాపలా ఉంది,
తను దగ్గరికి పోకుండా, ఎవర్నీ పోనివ్వకుండా.
"లోపల మనిసెవులైనా ఉన్నారా?"
లేరన్నాను.
నా గొంతు నాకే నమ్మకంగా వినపడలేదు.
విరిగిన వెన్నులకి ఎంతివ్వాలంటే
"గాలివాన ఎప్పుడైనా కట్టిందేటి?" అని నవ్వి
చెంబుడు అంబలి చేతిలో పెట్టింది.
తోకని చొక్కాలో దోపుకుని
ఇంటికొచ్చాను.

అసలు దెబ్బ తొమ్మిదోది.
కలకత్తా నుంచి తెప్పించిన బాల్సా కర్ర,
మూడు నెలల రాత్రులు,
పసుపు రంగు.
ఎయిలరాన్ వైర్లు అటుదిటు పెట్టాను.
ఎగరెయ్యకముందు ఒక్కసారి కర్ర కదిపి చూస్తే
తెలిసిపోయేది.
చూడలేదు.
నాలుగు సెకన్లు.
పెద్ద ముక్కలు ఎక్కడికీ పోవని
చిన్నవి ముందు ఏరాను.
ఇసకలో పసుపు రంగు దొరకడం సులువు,
అదొక్కటే ఆ రోజు బాగున్నది.
మూట కట్టి అటక మీద పడేశాను.
ఆదివారాలు కొట్టు తెరిచి కూచున్నాను.

ఓ రోజు దండాసి
మాడిపోయిన పంపు తెచ్చి బల్ల మీద పెట్టి
"మళ్లీ తిరుగుతాదా?" అన్నాడు.
విప్పడం మొదలెట్టాను.
నల్లబడ్డ తీగ ఒక్కో చుట్టూ లాగుతూ
ఒకటి, రెండు, మూడు...
ఎన్ని చుట్లు కట్టాలో
కాలిన చుట్టే చెప్పాలి.
కొత్త తీగకేం తెలుసు?
అరవై రెండు దగ్గర
చెయ్యి ఆగి, అటకవైపు చూశాను.
లెక్క తప్పింది.
మళ్లీ మొదట్నుంచి.

ఇప్పుడో నోటుబుక్కుంది.
పడ్డ రోజు, పడ్డ చోటు, తప్పెవరిది.
మూడో గడిలో గాలి అని రాసి
కొట్టేసినవే ఎక్కువ.

ఇది పన్నెండోది.
తొమ్మిదోదాని పసుపు రెక్క,
ఐదోదాని తోక,
ఇంకా చోడిపొట్టు ఇరుక్కుని ఉంది సందులో.
గేదెల పిల్లల్లో ఒకడు, టిటస్,
ఇసకలో పరిగెత్తి విసురుతాడు.
లేస్తుంది.
అతుకున్న పక్కకి కాస్త వాలుతుంది.
ఎడమకి రెండు నొక్కులు నొక్కుతాను.
ఇంకోటి.
చాలు, ఇప్పటికి.